బుడగలు రాలేదని బీరు పారబోయకండి

అందరికీ నమస్కారం. చలికాలం రాగానే ఇంట్లో బీరు పెట్టేవాళ్లందరూ అడిగేది ఒకటే: "ఈస్ట్ వేసి రెండ్రోజులైంది, ఎయిర్‌లాక్‌లో ఒక్క బుడగ లేదు. పారబోసేయాలా?" ఎయిర్‌లాక్ అంటే బకెట్ మూత మీద ఉండే, గ్యాస్‌ను బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని చిన్న గొట్టం.

దానికి ముందు చట్టం సంగతి ఒక్క మాట. అమెరికాలో ఇంటి బీరుకు 1978లో ఫెడరల్ చట్టం దారి ఇచ్చింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అదీ అమ్మకుండా. ఈ పాఠాన్ని ఫోన్లో హైదరాబాదులో ఉన్న తమ్ముడికి మాత్రం చెప్పకండి. అక్కడ లైసెన్సు లేకుండా కాచడం నేరం.

ఇక పారబోయడం అంటారా, వద్దు. ప్లాస్టిక్ బకెట్ మూత కాస్త వదులైతే చాలు, గ్యాస్ అంచుల్లోంచి పోతుంది. ఎయిర్‌లాక్ కదలదు, లోపల ఈస్ట్ పని ఈస్ట్ చేసుకుంటూనే ఉంటుంది. టార్చి వేసి చూడండి. వోర్ట్ (ఇంకా బీరు కాని తీపి మాల్ట్ నీళ్లు) మీద నురగ ఉన్నా, నురగ దిగిపోయి గోడకు గోధుమరంగు మడ్డి చార అంటుకుని ఉన్నా పులవడం మొదలైనట్టే. నేను మాత్రం హైడ్రోమీటర్ మాటే నమ్ముతాను. అది గ్రావిటీని, అంటే నీళ్లతో పోలిస్తే ద్రవం ఎంత చిక్కగా ఉందో కొలుస్తుంది; ఈస్ట్ చక్కెర తినేకొద్దీ ఆ అంకె దిగుతుంది. 1.050 దగ్గర మొదలైంది 1.030కి దిగిందంటే ఇంకేం కావాలి? రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంపును బట్టి చక్కెర కొలిచేది) వాడేవాళ్లు జాగ్రత్త: ఆల్కహాల్ కలిశాక అది ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, లెక్క సరిచేసుకోవాలి. దాన్ని చూసి కంగారుపడేవాళ్లే సగం మంది.

మూడ్రోజులైనా గ్రావిటీ కదలకపోతే ముందు చలిని అనుమానించండి. మామూలు ఏల్ (వెచ్చగా పులిసే రకం బీరు) ఈస్ట్‌కు 64 నుంచి 70 డిగ్రీల ఫారెన్‌హీట్ కావాలి. జనవరిలో మిన్నెసోటా బేస్‌మెంట్ గచ్చు మీద అంత ఎక్కడుంటుంది? ఇడ్లీ పిండిని ఓవెన్‌లో లైటు వేసి పెట్టే మనకు ఇది వేరే చెప్పాలా! బకెట్‌ను పైకి తెచ్చి, అడుగున పేరుకున్న ఈస్ట్ లేచేలా మెల్లగా తిప్పండి. గట్టిగా కుదపకండి. గాలి ఈస్ట్ వేసే ముందు మేలు చేస్తుంది. పులవడం మొదలయ్యాక కలిస్తే బీరుకు తడి అట్టపెట్టె వాసన పడుతుంది.

తర్వాత ఈస్ట్ సంగతి. 5 గ్యాలన్ల మామూలు ఏల్‌కు 11 గ్రాముల డ్రై ఈస్ట్ ప్యాకెట్ సరిపోతుంది. నెలల తరబడి ఫ్రిజ్‌లో పడున్న లిక్విడ్ ఈస్ట్ అయితే స్టార్టర్ (ముందుగా కాస్త వోర్ట్‌లో ఈస్ట్‌ను పెంచి పెట్టుకోవడం) లేకుండా వేయకండి.

1.020 దగ్గర ఆగిపోయే కేసు వేరు. మాష్ (మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టి చక్కెర తీసే దశ) 158 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఉంటే ఈస్ట్ తినలేని చక్కెరలు ఎక్కువ మిగులుతాయి. అప్పుడు ఎన్ని ప్యాకెట్లు వేసినా దండగే. మీ థర్మామీటరే తప్పు చూపిందేమో, దాన్ని ఐసు నీళ్లలో ముంచి, 32 చూపిస్తోందో లేదో చూసుకోండి. సైజాన్ (బెల్జియం రకం బీరు) ఈస్ట్‌లలో కొన్ని 1.030 దరిదాపుల్లో మొండికేస్తాయి. వాటికి వెచ్చదనం పెంచి, ఓపిక పట్టడమే.

నిజంగానే ఆగిపోయిందని తేలితే పొడి ఈస్ట్ చల్లి లాభం లేదు. ఆల్కహాల్ ఉన్నచోట నిద్ర లేచే ఈస్ట్ కుదురుకోలేదు. విడిగా స్టార్టర్ చేసి, బాగా నురగ మీదున్నప్పుడు పోయండి.

తొందరపడి సీసాల్లో మాత్రం నింపకండి. మిగిలిన చక్కెర లోపల పులిస్తే సీసా పేలుతుంది, గాజు ముక్కలు ఎగురుతాయి. మూడ్రోజుల తేడాతో తీసిన రెండు రీడింగులు ఒకటే వచ్చి, మీ రెసిపీ చెప్పిన చివరి గ్రావిటీకి దగ్గరగా ఉంటేనే సీసాలు కడగడం మొదలుపెట్టండి.