కోలియస్ ఆకుల రంగులు వెలిసిపోకుండా పెంచడం

[దృశ్యం: పక్కపక్కన రెండు కోలియస్ కుండీలు]

తెరపై కనిపిస్తున్న రెండు మొక్కలూ ఒకే కొమ్మ నుంచి కోసి నాటినవి. తూర్పు వరండాలో ఉదయపు ఎండ మాత్రమే తగిలిన మొక్క ఆకులు నడుమ మెరూన్ రంగుతో, అంచున సన్నని లేతాకుపచ్చ గీతతో నిండుగా ఉండగా, డాబాపై మిట్టమధ్యాహ్నపు ఎండలో ఉంచిన మొక్క ఆకులు వెలిసిపోయి అంచులు మాడాయి. ఎరువు కన్నా ముందుగా ఆలోచించవలసినది కుండీ పెట్టే చోటు గురించే.

కోలియస్ తులసి కుటుంబానికి చెందిన మొక్క. కాండాన్ని వేళ్ల మధ్య తిప్పి చూస్తే తులసి కాండంలాగే నలుపలకలుగా తగులుతుంది. మనం బజ్జీలు వేసుకునే వామాకు కూడా ఇదే ప్రజాతిలోనిది, అయితే రంగుల కోలియస్‌ను అలంకరణకే పెంచుతారు. ఆగ్నేయాసియాలో సహజంగా పెరిగే ఈ మొక్క 19వ శతాబ్దంలో జావా నుంచి ఐరోపా తోటలకు చేరింది. దీని ఎరుపు, ఊదా రంగులు ఆంథోసయనిన్‌లు అనే సహజ వర్ణకాల వల్ల వస్తాయి. వెలుతురు చాలకపోతే అవి తగ్గి పత్రహరితం పైచేయి సాధిస్తుంది, మరీ తీవ్రమైన ఎండలో రంగు పాలిపోతుంది. అందువల్ల మండుటెండను తట్టుకునే క్రోటన్‌ల వరుసలో దీనిని నాటడం సరికాదు. ఉదయం రెండు మూడు గంటల ఎండ, ఆపైన చెట్టు నీడ ఉన్న చోటు దీనికి అనుకూలం. మన వేసవిలో షేడ్ నెట్ తప్పనిసరి.

[దృశ్యం: కుండీ అడుగు రంధ్రాలు, మట్టి మిశ్రమం]

ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు కలిపిన గుల్లటి మట్టి చాలు. పైమట్టి ఆరినప్పుడే నీరు పోయాలి, ఎందుకంటే దాహంతో వాలిన ఆకులు నీరు అందిన కొద్దిసేపటికే నిలబడతాయి కానీ కుళ్లిన వేళ్లు కోలుకోవు. నత్రజని ఎక్కువైతే మొక్క ఏపుగా పెరిగినా రంగు మందగిస్తుంది.

[దృశ్యం: కొనను తుంచుతున్న వేళ్లు, దగ్గరగా]

మొక్క అరడుగు ఎదిగాక కొనను ఒక ఆకుల జంటకు సరిగ్గా పైన గోటితో తుంచితే, ఆ రెండు ఆకుల మొదళ్ల నుంచి రెండు కొత్త కొమ్మలు బయలుదేరి మొక్క గుబురుగా తయారవుతుంది. లేత నీలి పూలకంకులను కూడా, అవి చూడముచ్చటగా ఉన్నా సరే, మొగ్గలోనే తుంచేయడం మంచిది. పూతకు వచ్చిన మొక్క ఆకులపై శ్రద్ధ తగ్గించుకుంటుంది. కణుపులలో తెల్లటి దూదిలాంటి పిండినల్లి కనిపిస్తే తడిగుడ్డతో తుడిచి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి.

ఏడాది గడిచి కాండం ముదిరి, అడుగున ఆకులు రాలిన మొక్కను కాపాడుకోవడం కన్నా కొత్తది నాటుకోవడమే మేలని మా అభిప్రాయం. విత్తనాలతో పెంచిన మొక్కలో తల్లి రంగు అచ్చంగా రాకపోవచ్చు కనుక కొమ్మే నమ్మకమైనది. నాలుగు అంగుళాల కొమ్మను కణుపు కింద కోసి, కింది ఆకులు తీసి గాజు గ్లాసులో నీళ్లలో ఉంచితే, ఒకటి రెండు వారాలలో వేళ్లు వస్తాయి. మంచు కురిసే దేశాలలో ఉన్న తెలుగువారు ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోకముందే ఈ కొమ్మలను ఇంట్లోకి తెచ్చి, వెలుతురు వచ్చే కిటికీ దగ్గర ఉంచుకోవాలి.