400 లైన్ల ఇఫ్‌లు, 304 రూపాయల తేడా: ఒక బట్టల షాపు బిల్లింగ్ కోడ్

నమస్కారమండీ. ఇవాళ చూపించే చెత్త కోడ్ ఎవరి దగ్గరో దొరికింది కాదు. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల షాపుకి నేనే రాసిచ్చాను. షాపు పేరు చెప్పను. వస్త్రలత అనే బట్టల మార్కెట్ చుట్టుపక్కల సందుల్లో తిరిగినవాళ్ళకి ఆ వాతావరణం తెలుసు. మూటల మధ్య మనిషి పక్కకి తిరిగి నడవాలి. గల్లా దగ్గర ఎప్పుడు చూసినా ముగ్గురు ఒకేసారి బిల్లు అడుగుతుంటారు.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. ఆ వారంలోనే నన్ను పిలిచారు. ధర లెక్కకట్టే ఫంక్షన్, అంటే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క, అప్పటికి ముప్ఫై లైన్లే. రెడీమేడ్ అయితే, పీసు వెయ్యి రూపాయల దాకా 5 శాతం, దాటితే 12 శాతం. చీర అయితే ఎంత ఖరీదైనా 5 శాతమే, ఎందుకంటే పన్ను లెక్కలో చీర గుడ్డ కిందికి వస్తుంది. మూడు ఇఫ్‌లు, అంటే 'ఇలా అయితే ఇలా చెయ్' అనే లైన్లు, రాశాను. బీసెంట్ రోడ్డులో టీ తాగి ఇంటికెళ్ళిపోయాను.

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. "బాబూ, పాత పార్టీలకి రెండు శాతం తగ్గించాలి." పార్టీ అంటే ఇక్కడ సరుకు కొనేవాళ్ళు. ఒక ఇఫ్. "ఆషాఢంలో రెడీమేడ్ మీద పది శాతం." ఇంకో ఇఫ్. "ఆషాఢం తగ్గింపు ఉంటే పార్టీ తగ్గింపు ఉండకూడదు, కానీ తెనాలి ఆయనకి మాత్రం రెండూ ఇవ్వాలి." ఇఫ్ లోపల ఇఫ్, దాని లోపల ఒక మనిషి ఖాతా నంబరు. నవ్వకండి, వెతికితే మీ కోడ్‌లోనూ ఒక తెనాలి ఆయన ఉంటాడు. అలా అలా అది 400 లైన్లయింది.

ఇక 2025 సెప్టెంబర్ 3. జీఎస్టీ కౌన్సిల్ రేట్లు మార్చింది. రెడీమేడ్ పీసు 2,500 దాకా 5 శాతం, దాటితే 18. పన్నెండు శాతం శ్లాబే లేదు. అమల్లోకి వచ్చేది 22న, అంటే ఇంద్రకీలాద్రి మీద దసరా ఉత్సవాలు మొదలయ్యే రోజున. కొండ కిందే వన్‌టౌన్. షాపులో కాలు పెట్టే సందు ఉండదు. నాకు టెన్షన్ ఎలా ఉంటుందో చూడండి.

నేనేం చేశానంటే, వెయ్యి అని ఉన్నచోటల్లా 2,500 పెట్టాను. పన్నెండు ఉన్నచోటల్లా పద్దెనిమిది. కాకపోతే ఒకచోట ఆ పన్నెండు పన్ను కాదు, డజను. రాత్రికి రాత్రి మా షాపులో డజనంటే పద్దెనిమిది పీసులయిపోయింది. అది పొద్దున షట్టరు ఎత్తకముందే దొరికింది కాబట్టి బతికాను.

దొరకనిది ఇంకోటి ఉంది. పండక్కి పది శాతం తగ్గింపు పెట్టారు. కొత్త పార్టీ ఒకాయన 2,600 రూపాయల డ్రెస్సులు ఒక డజను తీశాడు. గల్లా మీద కూర్చునే బాబాయ్ గారు కంప్యూటర్ని ఏనాడూ నమ్మరు, పక్కన క్యాలిక్యులేటర్ ఉండాల్సిందే. నన్ను పిలిచి, "ఏం నాయనా, నీ కంప్యూటరు పీసుకి మూడొందలు ఎక్కువ గుంజుతోందే" అన్నారు.

లెక్క చూద్దాం. 2,600లో పది శాతం పోతే 2,340. బిల్లులోనే చూపించిన తగ్గింపు పోగా మిగిలినదాని మీదే పన్ను. 2,340 అంటే 2,500 లోపు, కాబట్టి 5 శాతం, 117 రూపాయలు. మొత్తం 2,457. నా కోడ్ ఏం చేసింది? ఫంక్షన్ మొదట్లోనే ట్యాగ్ మీద ధర చూసి, 2,600 కాబట్టి 18 శాతం అని పక్కన రాసిపెట్టుకుంది. కిందకొచ్చి ధర తగ్గించింది. శ్లాబు మాత్రం మళ్ళీ చూడలేదు. 2,340 మీద 18 శాతం 421 రూపాయల 20 పైసలు. మొత్తం 2,761 రూపాయల 20 పైసలు. పీసుకి 304 రూపాయల 20 పైసలు ఎక్కువ, డజనుకి 3,650 రూపాయల 40 పైసలు.

ఇక్కడ సిగ్గుపడాల్సిన సంగతి, ఈ తప్పు ఆ రోజు పుట్టింది కాదు. తగ్గింపులు పెట్టినప్పటి నుంచీ ఉంది. 1,050 రూపాయల డ్రెస్సు తగ్గింపు పోగా 945కి వచ్చినా 12 శాతం వేస్తూనే ఉంది. అప్పుడు తేడా 66 రూపాయలు. ఎవరి కంటా పడలేదు. 5కీ 18కీ మధ్య దూరం పెరిగేసరికి కంట్లో పడింది.

ఆ పూటకి శ్లాబు చూసే లైన్లు కిందకి జరిపి గండం గట్టెక్కించాను. దీపావళి అయ్యాక అసలు పని పెట్టుకున్నాను. ముందు కోడ్ ముట్టుకోలేదు. పాత బిల్లులు రెండు వందలు తీసి, ఆ ఫంక్షన్‌కిచ్చి, అది చెప్పిన జవాబులన్నీ ఫైల్లో దాచాను. జవాబు తప్పయినా సరే, తప్పుతో సహా. మార్చిన ప్రతిసారీ అవే జవాబులు రావాలి. కోడ్ సర్దడం ఒక పని, తప్పు దిద్దడం ఇంకో పని. రెండూ ఒకేసారి చేస్తే దేనివల్ల ఏది మారిందో పట్టుకోలేం.

తర్వాత బాబాయ్ గారి పక్కన కూర్చుని, "మీరు బిల్లు ఎలా వేస్తారో కాగితం మీద రాయండి" అన్నాను. ఆయన రాసింది ఇంతే: సరుకు ధర, పార్టీ తగ్గింపు, పండగ తగ్గింపు, మిగిలింది, పన్ను, రౌండాఫ్. నా 400 లైన్లలో ఎక్కడా కనపడని వరస ఆ చీటీలో ఉంది.

దాన్ని కోడ్ చేయడానికి నేను మొదట వేసిన వేషం చెబుతాను. పార్టీలు మూడు రకాలు, సరుకు రెండు రకాలు, పండగ ఉంది, లేదు. ఇన్హెరిటెన్స్‌తో, అంటే ఒక క్లాస్ నుంచి ఇంకో క్లాస్ పుట్టించే పద్ధతిలో, ఒక్కో కలయికకి ఒక్కో క్లాస్ (డేటానీ దానితో చేసే పనినీ కలిపి కట్టిన మూట) అన్నాను. మూడు రెళ్ళు ఆరు, ఆరు రెళ్ళు పన్నెండు క్లాసులు. ఇంకో రకం పార్టీ వస్తే పదహారు. ఇఫ్‌ల గొడవ పోయి క్లాసుల సంత అయింది. అదంతా తీసేశాను.

నిలబడింది స్ట్రాటజీ ప్యాటర్న్, అంటే మారే రూల్ ఒక్కోటీ విడి క్లాస్‌లో పెట్టి, కావలసింది తగిలించుకునే పద్ధతి. 1994లో నలుగురు రచయితలు కలిసి పేర్లు పెట్టిన 23 ప్యాటర్న్లలో ఇదొకటి. తగ్గింపు రూల్ అని ఒక ఇంటర్‌ఫేస్, అంటే రూల్ క్లాసులన్నీ పాటించాల్సిన ఒప్పందం, అందులో ఒక్కటే మెథడ్ (క్లాస్ లోపలి ఫంక్షన్): సరుకు, పార్టీ, తేదీ ఇస్తే ఎంత తగ్గించాలో చెబుతుంది. పార్టీ తగ్గింపు ఒక క్లాస్, పండగ తగ్గింపు ఒక క్లాస్. వీటిని బాబాయ్ గారి చీటీ వరసలో లిస్టులో పెట్టి, ఒక లూప్ తిప్పితే చాలు. పన్ను రూల్ వేరే. దానికి ట్యాగ్ ధర అందదు, తగ్గింపులన్నీ పోగా మిగిలిన ధరే చేతికొస్తుంది. పాత తప్పు మళ్ళీ చేద్దామన్నా చేయలేను. చీర పన్నుకి ఒక క్లాస్, రెడీమేడ్ పన్నుకి ఒకటి.

మరి ఇఫ్‌లు పోయాయా అంటే పోలేదు. ఏ బిల్లుకి ఏ రూల్స్ పెట్టాలో తేల్చే చోట ఉన్నాయి, ఫ్యాక్టరీ అంటాం. తెనాలి ఆయన కూడా అక్కడే, ఒకే ఒక్క లైన్లో ఉన్నాడు. రౌండాఫ్‌లో రెండు లైన్ల ఇఫ్ ఉంది, దాన్ని అలాగే ఉంచాను. దానికీ క్లాస్ కావాలని కామెంట్లలో రాయకండి, నేను చేయను. డబ్బంతా పైసల్లో, పూర్ణసంఖ్యల్లో పెట్టాను. ఫ్లోట్‌లో, అంటే కంప్యూటర్ దశాంశాలు దాచుకునే పద్ధతిలో, 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. బాబాయ్ గారికి అది చూపిస్తే క్యాలిక్యులేటర్ ఇంకా గట్టిగా పట్టుకుంటారు.

రేట్ల పట్టికకి తేదీ తప్పనిసరి. సెప్టెంబర్ 10న 12 శాతంతో కొన్న డ్రెస్సు అక్టోబర్‌లో వెనక్కొస్తే, క్రెడిట్ నోట్, అంటే వాపసు సరుకుకి ఇచ్చే చీటీ, ఆ పాత బిల్లు రేటు మీదే వేయాలి. నేను ఎడాపెడా నంబర్లు మార్చినప్పుడు ఆ పన్నెండు నా కోడ్‌లో ఎక్కడా మిగల్లేదు. ఇప్పుడు పట్టికలో రెండు వరసలున్నాయి, బిల్లు తేదీ చూసి ఒకటి తీస్తుంది.

అంతా బాగుందనుకుంటుంటే, సంక్రాంతి ముందు ఓనర్ గారి ఫోన్. "బాబూ, మూడు నైటీలు తీసుకుంటే అందులో తక్కువ ధరది సగానికే ఇవ్వాలి." నా రూల్‌కి ఒక్క సరుకే కనపడుతుంది, పక్కన ఇంకో రెండు ఉన్నాయని దానికి తెలియదు. బిల్లంతా చూసే రూల్ ఇంకో రకం కావాలి. అది పార్టీ తగ్గింపుకి ముందు రావాలా, తర్వాతా? ఓనర్ గారిని అడిగితే బాబాయ్‌ని అడగమన్నారు. బాబాయ్ గారిని అడిగితే ఓనర్ని అడగమన్నారు. ఆ సంక్రాంతికి నైటీల బిల్లులు బాబాయ్ గారు చేత్తోనే రాశారు.