కట్టే రబ్బరు, లాగే రబ్బరు

అందరికీ నమస్కారం.

పర్లాకిమిడిలో మైకు పట్టుకోవాలంటే నాకు కొంచెం బెరుకు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఇక్కడ నిలబడి పుస్తకాల భాష మాట్లాడితే ఆయన ఎక్కడున్నా వినిపించుకుని కోప్పడతారు. అందుకని ఈ సాయంత్రం 'దంత వక్రతా సవరణ' లాంటి మాటలు నా నోట రావు. పళ్లు వరసలోకి తేవడానికి వేసేవాటిని మీరందరూ క్లిప్పులు అంటారు, నేనూ క్లిప్పులే అంటాను.

నేను నెలకి రెండుసార్లు పాతపట్నం దాటి ఇటు వచ్చి ఇక్కడి పిల్లల పళ్లు చూస్తుంటాను. పోయిన నెల ఒక అమ్మ అడిగింది: "డాక్టరు గారూ, మా గుంటకి ఒక్కో పంటికీ రంగు రబ్బరు వేశారు కదా. మళ్లీ ఈ పాకెట్ రబ్బర్లు ఎందుకండీ? ఇవి వేసుకోకపోతే ఏమవుద్ది?" అక్కడే నిలబడి రెండు ముక్కల్లో చెప్పి పంపేశాను. ఆవిడకి అర్థం కాలేదని ముఖంలో తెలిసింది. ఆ బాకీ ఇవాళ తీర్చుకుంటున్నాను.

ముందు రంగు రబ్బరు. పంటి మీద అంటించిన చిన్న లోహపు ముక్కని బ్రాకెట్ అంటాం. దాని మధ్యలో ఒక గాడి ఉంటుంది. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 22 భాగాలో, 18 భాగాలో, అంతే దాని వెడల్పు. సుమారు అర మిల్లీమీటరు. ఆ గాడిలో తీగ కూర్చుంటుంది. బ్రాకెట్‌కి నాలుగు మూలలా నాలుగు రెక్కలు. కందిగింజ కంటే చిన్న రబ్బరు చుట్టని ఆ నాలుగు రెక్కల కిందకీ తోస్తే తీగ గాడిలోంచి బయటికి రాదు. ఈ చుట్టలు మాకు కరివేపాకు రెబ్బకి ఆకుల్లాగా ఒక ప్లాస్టిక్ పుల్లకి వరసగా అతుక్కుని వస్తాయి. పట్టకారుతో ఒక్కోటి తుంచి వేస్తాం.

ఇది పంటిని లాగుతోందని చాలామంది అనుకుంటారు. పెళ్లి పందిరి గుర్తు చేసుకోండి. రాటలు పాతారు, ఒక రాట వరస తప్పింది. పచ్చి వెదురు బద్దని వంచి దానికీ చేర్చి తాడుతో కట్టారు. వెదురు ఊరుకోదు, తిన్నగా అయిపోవాలని చూస్తుంది. నేల మెత్తగా ఉంటే రాటని తనతో తీసుకుపోతుంది. మన నోట్లో వెదురు ఆ తీగ, రాట పన్ను, తాడు ఈ రంగు రబ్బరు. మొదట్లో వేసే నికెల్ టైటానియం తీగ ఎంత వంచినా మళ్లీ తన ఆకారానికే వస్తుంది. బలం దానిది. రబ్బరు పని కట్టి ఉంచడం. అది ఊడిపోతే నొప్పి ఉండదు, పిల్లలు చెప్పరు. మళ్లీ వచ్చేదాకా ఆ ఒక్క పన్ను వరసలోకి రాకుండా కూర్చుంటుంది. బాగా మెలిక తిరిగిన పంటికి రబ్బరు బదులు సన్నటి స్టీలు తీగతో మెలేసి కడతాం. అది వదులవదు, రంగు పట్టదు, కానీ పిల్లలకి అందులో సరదా లేదు.

రంగు అన్నాను కాబట్టి పసుపు గురించి చెప్పాలి. ఈ చుట్టలు మనం అనుకునే రబ్బరు కాదు, పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ జాతి. నోట్లో తడి పీల్చుకుంటాయి, తడితోపాటు రంగునీ పీల్చుకుంటాయి. పెద్ద పిల్లలు కనపడకూడదని తెల్లవో, రంగులేనివో అడుగుతారు. నిశ్చితార్థం పది రోజుల్లో ఉందని ఒకమ్మాయి పట్టుబట్టి రంగులేనివే వేయించుకుంది. ఆ రాత్రి ఇంట్లో డాల్మా, పసుపు వేసి వండే ఒడియా పప్పుకూర. పొద్దున్నే ఫోన్: "సార్, పళ్లు పచ్చబడిపోయాయి." పళ్లకేమీ కాలేదు, పద్నాలుగు రబ్బరు చుట్టలూ పసుపు తాగేశాయి. ఎంత తోమినా పోవు, మార్చాల్సిందే. మన వంటిళ్లలో పసుపు లేని కూర ఉండదు కాబట్టి ముదురు నీలమో, బూడిద రంగో, ముదురు ఆకుపచ్చో ఎంచుకోండి. లేత నీలం వద్దు. పసుపు కలిసి నాచు రంగుకి తిరుగుతుంది.

అదే ప్లాస్టిక్‌తో గొలుసులాగా చేసినది ఇంకోటి ఉంది, పవర్ చైన్ అంటాం. పన్ను తీశాక మిగిలిన సందు మూయడానికి ఈ కొస నుంచి ఆ కొసకి లాగి తగిలిస్తాం. ఇది నిజంగానే లాగుతుంది. ఒకటే చిక్కు, మొదటి 24 గంటల్లోనే దాదాపు సగం బలం పోతుంది. ఆ తర్వాత మిగిలిన బలంతో నెమ్మదిగా పని చేస్తుంది. అందుకే నాలుగు నుంచి ఆరు వారాలకి రమ్మంటాం. "రబ్బరు మార్చడానికే కదా, ఈసారికి మానేద్దాం" అని పిల్లల పరీక్షలకో, పెద్దల పొలం పనులకో వాయిదా వేస్తే నోట్లో ఉన్నది ఉత్త అలంకారం.

ఇక ఆ అమ్మ అడిగిన పాకెట్ రబ్బర్లు, మేం ఇచ్చి పంపితే పిల్లలే ఇంట్లో తగిలించుకునేవి. ఇవి అసలు రబ్బరు, రబ్బరు చెట్టు పాల నుంచి వచ్చిన లేటెక్స్. పచ్చి రబ్బరు ఎండకి జిగురవుతుంది, చలికి పెళుసవుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ దాన్ని గంధకంతో కలిపి వేడి చేస్తే సాగి వెనక్కి వచ్చే గుణం నిలుస్తుందని కనిపెట్టాడు. ఆ శతాబ్దం చివర్లో హెన్రీ బేకర్ అనే దంతవైద్యుడు పై దవడకీ కింది దవడకీ మధ్య రబ్బరు వేసి పళ్లు జరిపాడు. ఆ పద్ధతిని బేకర్ పేరుతోనే పిలిచారు. నూరేళ్లు దాటినా మేం చేసేది అదే.

పై పళ్లు ఎత్తుగా ముందుకొచ్చిన పాపకి పై కోరపంటి దగ్గర ఉన్న కొక్కెం నుంచి కింది దవడపంటి కొక్కేనికి రబ్బరు వేస్తాం. పైవరస వెనక్కి, కిందివరస ముందుకి. కింది పళ్లే ముందుకొచ్చిన వాళ్లకి దీన్ని తిరగేస్తాం, పై దవడపంటి నుంచి కింది కోరపంటికి. కొక్కెం మారితే బలం దిక్కే మారిపోతుంది. పక్కింటి పిల్ల ఎక్కడ తగిలించుకుందో చూసి మీ పిల్ల తగిలించుకోకూడదు.

పాకెట్ మీద అంకెలు ఉంటాయి, చూడండి. పావు అంగుళం, మూడున్నర ఔన్సులు అని ఉందనుకోండి. సాగదీయని చుట్ట లోపలి వెడల్పు పావు అంగుళం. దాన్ని మూడింతలు సాగదీస్తే, అంటే సుమారు 19 మిల్లీమీటర్లకి, మూడున్నర ఔన్సులు లాగుతుంది. దాదాపు 100 గ్రాములు, ఓ చిన్న జామకాయ బరువు. అంత తక్కువా అంటారు. పంటి వేరుకీ ఎముకకీ మధ్య మిల్లీమీటరులో సుమారు పావు వంతు మందం ఉండే నారల పొర ఉంటుంది. నెమ్మదిగా, ఆగకుండా నొక్కితే నొక్కిన వైపు ఎముకని తినేసే కణాలు పుడతాయి, సాగిన వైపు కొత్త ఎముక కట్టే కణాలు పుడతాయి. నెలకి మిల్లీమీటరు జరిగితే మంచి పని కింద లెక్క. తొందరపడి రెండు రబ్బర్లు కలిపి వేస్తే ఆ పొరలో రక్తం ఆగిపోయి నొక్కిన చోట కణాలు చచ్చిపోతాయి, పన్ను వారాల తరబడి కదలదు. వేరు కూడా కొస నుంచి అరిగిపోవచ్చు.

రోజుకి 20 నుంచి 22 గంటలు ఉండాలి. తినేటప్పుడూ తోముకునేటప్పుడూ తీయొచ్చు. రాత్రి మాత్రమే వేసుకుంటే పన్ను రాత్రి జరగబోయి పగలు వెనక్కొస్తుంది, నొప్పి మాత్రం రోజూ కొత్తదే. రోజూ కొత్త జత మార్చాలి, లాలాజలంలో నానిన రబ్బరు సాగి చచ్చిపోతుంది. పాకెట్‌లో 100 ఉంటే, రెండు పక్కలకీ కలిపి రోజుకి రెండు, 50 రోజులు వస్తాయి. నెలన్నర తర్వాత వచ్చిన పిల్లాడి పాకెట్ సగం నిండుగా ఉంటే నేను నోరు తెరవమని అడగక్కర్లేదు. లేటెక్స్ పడని వాళ్లు, బెలూన్ ఊదితే పెదాలు వాచేవాళ్లు, ముందే చెప్పండి. వేరే రకం ఉంది.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. పన్నెండేళ్ల బాబుకి రబ్బర్లు ఇచ్చి, ఎలా తగిలించాలో నేనే వాడి నోట్లో చేసి చూపించి పంపాను. రెండు నెలలకి వచ్చాడు, పై ముందు పళ్ల మధ్యగీత కింది పళ్ల మధ్యగీత మీద నుంచి పక్కకి జరిగిపోయి ఉంది. "రోజూ వేసుకున్నావా?" "వేసుకున్నాను సార్." అద్దం ఇచ్చి వేసి చూపించమన్నాను. కుడి చేత్తో ఒక పక్క టక్కున తగిలించాడు. రెండో పక్క, అంటే ఎడమ వైపు, చేయి తిరగదు. అటు వైపు రెండు నెలల్లో ఒక్కసారీ వెయ్యలేదు. వాడు అబద్ధం చెప్పలేదు, రోజూ ఒకటి వేసుకున్నాడు. నేను చూపించాను గానీ వాడి చేత చేయించలేదు. ఆ జరిగినదాన్ని వెనక్కి తేవడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

ఇంకొక్క మాట, ఇది అమ్మానాన్నలకి. ఎనిమిది నుంచి పదకొండేళ్ల పిల్లలకి పై ముందు పళ్ల మధ్య సందు ఉంటే గాభరా పడకండి. కోరపళ్లు దిగేసరికి చాలామందికి అది తనంతట తానే మూసుకుంటుంది. ఫోన్లో వీడియో చూసి ఆ రెండు పళ్లకీ కొత్తిమీర కట్టకి వచ్చిన రబ్బరు చుట్టే పిల్లలున్నారు. పంటి వేరు పైకి పోయేకొద్దీ సన్నం. కొక్కెం లేని రబ్బరు అక్కడ నిలవదు, చిగురు కిందకి జారి వేరు వెంట ఎక్కుతూ ఎముకని కోసుకుంటూ పోతుంది. బయటికి ఏమీ కనపడదు. నా దగ్గరికి వచ్చిన ఒక పాపకి పుచ్చు లేదు, దెబ్బ తగల్లేదు, అయినా ముందు పళ్లు రెండూ ఊగుతున్నాయి. ఎక్స్‌రేలో ఆ రెండింటి చుట్టూనే ఎముక లేదు. చిగురు విప్పి చూస్తే లోపల రబ్బరు చుట్ట. వాళ్ల అమ్మకి ఆ సంగతే తెలీదు. పాప కూడా మర్చిపోయింది, ఎప్పుడో వేసవి సెలవుల్లో పెట్టుకుందట.

టేబుల్ మీద ప్లాస్టర్ పళ్ల మోడల్ ఉంది, పక్కన చేతి అద్దం, ఒక పాకెట్ రబ్బర్లు. క్లిప్పులున్న పిల్లలు వరసగా రండి. ముందు మోడల్‌కి, తర్వాత మీ నోట్లో. ఎడమ పక్క ముందు.