ఆ వేలిముద్ర ఏ కాగితం మీద పడింది?

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద రెండు పుస్తకాలు ఉన్నాయి. రెండూ ఒకటే: జనరల్ మోటార్స్ వారి ఎఫ్7 డీజిల్ రైలు ఇంజను నడిపే డ్రైవర్లకు ఇచ్చిన మాన్యువల్. 1949 నుంచి 1953 వరకు అమెరికాలో తయారైన ఇంజను అది. మొదటి పుస్తకాన్ని ఆన్‌లైన్‌లో కొన్నాను. ‘అసలు ప్రతి, డ్రైవరు వాడినది’ అని అమ్మకందారు రాశాడు. ఒక పేజీలో కుడి మూలన నూనె అంటిన బొటనవేలి గుర్తు కనిపించింది. ఎవరో డ్రైవరు అర్ధరాత్రి క్యాబ్‌లో ఆ పేజీ తిప్పాడనుకుని మురిసిపోయాను. ఏడాది గడిచాక మరొకరు అమ్మకానికి పెట్టిన ఫోటోలో అదే పేజీ, అదే మూల, అదే వేలి గుర్తు! నమ్మలేక దాన్నీ తెప్పించుకున్నాను. రెండూ నకళ్లే. ఏదో ఒక అసలు పుస్తకాన్ని స్కాన్ చేసి, మరకతో సహా అచ్చు వేశారు. డబ్బు పోయినందుకు కాదు, ఆ డ్రైవరును నేను ఊహించుకున్న తీరుకే ఎక్కువ బాధపడ్డాను.

ఆనాటి నుంచి ఏ పాత రైల్వే పుస్తకం చేతికొచ్చినా ఒకే ప్రశ్న వేసుకుంటున్నాను. ఈ గుర్తు ఈ కాగితం మీదే పుట్టిందా, లేక వేరే కాగితం మీద పుట్టి దీనిలోకి బొమ్మగా వచ్చిందా?

నూనె కాగితంలోకి ఇంకుతుంది. పేజీ తిప్పితే వెనక కూడా దాని జాడ కనిపించాలి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఆ చోట కాగితం కొంచెం పారదర్శకంగా ఉండాలి. నా పుస్తకంలో వెనక పేజీ శుభ్రంగా ఉంది. పది రెట్ల భూతద్దంతో చూస్తే ఆ మరక అంతా నల్లటి పొడి రేణువులే. జిరాక్సులో, లేజర్ ప్రింటులో టోనర్ అనే ఆ పొడి కాగితం పైన కరిగి అతుక్కుంటుంది, అందుకే పక్కనుంచి వెలుతురు పడితే సన్నగా మెరుస్తుంది. ఆఫీసుల్లో నకళ్లు తీసే జిరాక్స్ 914 యంత్రం వచ్చిందే 1959లో. 1949 నాటి మామూలు అచ్చు పేజీలో టోనర్ ఉండే అవకాశం లేదు. స్టేపుల్ పిన్నుల సంగతీ అంతే. పాత పిన్ను తుప్పు పట్టి చుట్టూ కాగితాన్ని ఎర్రబరుస్తుంది. నకలులో పిన్ను నీడ మాత్రం అచ్చయి ఉంటుంది, నిజంగా గుచ్చిన కొత్త పిన్ను తళతళలాడుతూ మరో చోట ఉంటుంది!

ఫోటోల దగ్గర ఇంకొంచెం ఆగాలి. పాత పుస్తకాల్లో ఫోటోలు చిన్న చిన్న చుక్కలతోనే అచ్చయ్యేవి, కాబట్టి చుక్కలు కనిపించినంత మాత్రాన అది నకలు అయిపోదు. కానీ చుక్కలతో ఉన్న ఫోటోను మళ్లీ చుక్కలుగా మార్చి అచ్చు వేస్తే రెండు వరుసలూ ఒకదానితో ఒకటి కలబడి, పట్టుచీర మీద వెలుగు కదిలినట్టు అలలు తేలతాయి. బోగీ బొమ్మలోనో కంప్రెసర్ బొమ్మలోనో ఆ అలలు కనిపిస్తే, అది ఫోటోకు ఫోటో. అమ్మకందారు పంపిన చిత్రంలో అలలు కనిపించినా తొందరపడకండి, తెర మీద చిన్నది చేసిన చిత్రంలోనూ అవి వస్తాయి. పెద్ద సైజులో, దగ్గరి నుంచి తీసిన ఫోటో అడగండి.

కాగితం గురించి చాలామంది అల్ట్రావయొలెట్ దీపం మాటే చెబుతారు. కాగితాన్ని తెల్లగా చూపే రసాయనాలు దాదాపు 1950 తర్వాతే వాడుకలోకి వచ్చాయి. అవి ఉన్న కాగితం ఆ దీపం కింద నీలి తెలుపుగా వెలుగుతుంది. 1925 నాటిదని చెప్పే ఎయిర్ బ్రేకు పుస్తకం అలా వెలిగితే సందేహమే లేదు, అది నకలే. 1953 నాటి మాన్యువల్ వెలిగితే మాత్రం ఏమీ తేలదు. వెలగకపోయినా అసలుదే అనడానికి లేదు. ఈ దీపాన్ని నేను అబద్ధం పట్టుకోవడానికి వాడతాను, నిజం నిరూపించడానికి కాదు.

చరిత్ర తెలిసినవాడికి భూతద్దం కూడా అక్కర్లేదు. డీజిల్ ఇంజన్లు తయారుచేసే ఎలక్ట్రో మోటివ్ కార్పొరేషన్ 1941 జనవరి 1న జనరల్ మోటార్స్‌లో ఎలక్ట్రో మోటివ్ డివిజన్ అయింది. 1939 అని వేసిన పుస్తకం మీద ‘డివిజన్’ అని ఉంటే ఎవరో తర్వాత కూర్చినదే. అసోసియేషన్ ఆఫ్ అమెరికన్ రైల్‌రోడ్స్ పుట్టింది 1934లో, ఇంజన్లు తయారుచేసే బాల్డ్విన్, లైమా హామిల్టన్ కంపెనీలు కలిసింది 1950లో. చిరునామాలో అయిదంకెల జిప్ కోడ్ (అమెరికా పిన్‌కోడ్) ఉంటే ఆ పేజీ 1963కు ముందుది కాదు. ఇవి చేత్తో రాసి జేబులో పెట్టుకోదగ్గ సంవత్సరాలు.

ఇక కొలతలు. గ్రంథాలయ కేటలాగుల్లో పుస్తకం ఎత్తు సెంటీమీటర్లలో ఇస్తారు. అమ్మకందారును స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయమనండి. జేబులో పట్టాల్సిన రూల్ బుక్కు ఎనిమిదిన్నర, పదకొండు అంగుళాల కాగితం మీద ఉంటే కథ అక్కడే తేలిపోతుంది. మడత విప్పి చూసే పెద్ద పటాలు ఉన్నాయా, ముక్కలుగా విడగొట్టారా అని అడగండి. బ్రేకు పైపులను రంగుల్లో చూపే పటం బూడిద రంగులోకి మారిందంటే, పని నేర్పే గుణమే అందులోంచి పోయింది. మనం ఉంటున్న ఈ డాలస్‌లోనే సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయం వారి డిగాలియర్ గ్రంథాలయంలో బాల్డ్విన్ ఇంజన్ల స్పెసిఫికేషన్ పుస్తకాలు ఉన్నాయి. ఒక్కసారి వెళ్లి అసలు కాగితం ఎలా ఉంటుందో కళ్లారా చూసి రండి.

నకలంటే నాకు చిన్నచూపు లేదు. 1962లో అమెరికా నుంచి భారతదేశానికి వచ్చిన ఆల్కో కంపెనీ ఇంజన్లను ఆ తర్వాత వారణాసిలోనే తయారుచేశారు. అవే మనం ఎరిగిన డబ్ల్యుడిఎం2. మా నాన్నగారు కాజీపేట డీజిల్ షెడ్డులో వాటి మీదే పనిచేశారు. ఆయన చేతిలో ఎప్పుడూ సైక్లోస్టైల్ ప్రతులే ఉండేవి, వాటితోనే పని నేర్చుకున్నారు. ఇంజను గురించి చదువుకోవాలనుకునేవారు నిక్షేపంగా రీప్రింటు కొనుక్కోవచ్చు. 1970ల్లో రైలు అభిమానుల కోసం నిజాయితీగా వేసిన పునర్ముద్రణలు ఎన్నో ఉన్నాయి. వాటి అంచులూ ఇప్పుడు పచ్చబడ్డాయి, అందుకే ‘పాతది’ అన్న మాటను ‘అసలుది’ అని చదువుకోకండి. నకలుకు అసలు ధర చెప్పడం, లేని డ్రైవరును కాగితం మీద నిలబెట్టడం మాత్రం మోసం.

ఇప్పుడు నా సంచిలోంచి మూడో పుస్తకం తీస్తున్నాను. అదే మాన్యువల్, దీని మీద వేలి గుర్తు లేదు. ఒక పేజీ అంచున ఎవరో పెన్సిలుతో ఇంజను నంబరు, దాని కింద ఒక గీత గీశారు. దయచేసి అందరూ చేతికి తీసుకుని, పేజీ వెనక్కి తిప్పి, ఆ చోట వేలితో మెల్లగా తడమండి. గీత గీసినవాడు గట్టిగా ఒత్తాడు. వెనక వైపు అది ఇప్పటికీ తగులుతుంది.