అమ్మ చీటీ, నా చీటీ

నేను దేవుణ్ణి నమ్మడం లేదని చెప్పగానే ముందు అడిగేది ఒకటే. "చర్చిలో ఎవరైనా ఏమన్నా అన్నారా?" లేదండీ, ఎవరూ ఏమీ అనలేదు.

మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. నాకు ఇరవై ఏళ్ళప్పుడు చేన్లో బోరు వేయించాం. బండి వచ్చిన రాత్రి అమ్మ గట్టు మీద మోకరించి ప్రార్థన చేసింది. మూడు వందల ఫీట్ల దగ్గర రెండు ఇంచుల నీళ్ళు పడ్డాయి. ఆదివారం మందిరంలో నేనే లేచి సాక్ష్యం చెప్పాను. చెబుతుంటే వెనక చాప మీద మా చిన్నమ్మ కనిపించింది. ఆమె చేను మా పక్కదే. నెల కిందట ఆమె కూడా ఉపవాసముండి, ప్రార్థన చేసుకునే బోరు వేయించింది. ఆరు వందల ఫీట్లు పోయినా దుమ్మే లేచింది. అప్పు మిగిలింది. మరి ఆమె ఏ ఆదివారం లేచి ఏమని చెప్పాలి? కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మాకు నీళ్ళు పడ్డందుకు ఆమె కూడా "స్తోత్రం" అంది. అది నాకు ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది.

ఆ రోజే విశ్వాసం పోలేదు. ఏళ్ళు పట్టింది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. 1890 ప్రాంతంలో అబ్రహాం ఫ్రీసెన్ అనే మెనొనైట్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) మిషనరీ రష్యా నుంచి వచ్చి నల్లగొండలో పని మొదలుపెట్టారు. ఆ దారిలో వచ్చిన మందిరాల్లో మాదీ ఒకటి. ఊరి గుడి మెట్టు ఎక్కనివ్వని మా తాతను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు నేర్పింది ఆ మందిరమే. దాన్ని ఎవరైనా వెక్కిరిస్తే నాకు కోపమొస్తుంది. నమ్మకం పోయినా ఆ రుణం పోదు.

అమ్మ రోజూ నాలుగున్నరకు లేస్తుంది. ఆమె జిప్పు బైబిల్లో మడతలు నలిగిన చీటీ ఒకటి ఉంటుంది. ఎవరెవరి కోసం ప్రార్థించాలో ఆ పేర్లు. నేనూ అదే వేళకు లేస్తాను. నాకూ ఒక చీటీ ఉంది. ఒక్కో పేరు దగ్గర ఆగి ఆ మనిషిని తలచుకుంటాను, ఇవాళ వాళ్ళకు నా వల్ల ఏమవుతుందో చూసుకుంటాను. ఎవరినీ ఏమీ అడగను. తరవాత కాసేపు ఊరికే కూర్చుంటాను. 46వ కీర్తనలో "ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి" అని ఉంది. అందులో నాకు మొదటి మాట మిగిలింది.

సృష్టికర్త ఊసు లేని ధ్యానం మన నేలకు కొత్తేం కాదు. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల కాలానికే కృష్ణ ఒడ్డున బౌద్ధ ఆరామాలున్నాయి. ఆ లోయ ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ళ కింద ఉంది. 2022లో సాగర్ దగ్గర బుద్ధవనం అనే బౌద్ధ పార్కు తెరిచాక వెళ్ళి చాలాసేపు కూర్చున్నాను. మనసు నెమ్మదించింది. అలాగని బౌద్ధంలోకి మారలేదు. ఒక పేరు తీసేసి ఇంకో పేరు తగిలించుకోవాలని నాకు లేదు.

అమ్మకు చెప్పాలంటేనే టెన్షన్. పోయిన ఈస్టర్ ముందురోజు సమాధుల తోటలో తాత సమాధికి సున్నం వేస్తూ చెప్పేశాను. నా చీటీ సంగతి కూడా చెప్పాను. చాలాసేపు ఆమె మాట్లాడలేదు. తరవాత, "అందుల నా పేరుందా బిడ్డా?" అంది.

"మొదటి పేరు నీదే అమ్మా."

సున్నం డబ్బా నా చేతికిచ్చి, అటు పక్క నన్ను వేయమంది.