సెల్లార్ గోడౌన్‌లో పౌచ్‌డీబీ, కౌచ్‌డీబీ: ఎనిమిది నెలలు వాడాక నా రివ్యూ

నమస్కారం అండీ. నేనిప్పుడు బెంగళూరు మారతహళ్లిలో, మా బాబాయ్ బియ్యం కొట్టు కింద సెల్లార్ గోడౌన్‌లో ఉన్నాను. ఫోన్ చూడండి, సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. మెట్లెక్కితే వస్తుంది, దిగితే పోతుంది. చుట్టుపక్కల పీజీలకూ ఆంధ్రా మెస్సులకూ సోనా మసూరి బస్తాలు రోజూ ఇక్కడి నుంచే వెళ్తాయి. కింద సరుకు దించే కుర్రాడి దగ్గర ఒక ఫోను, పైన కౌంటర్‌లో బాబాయ్ దగ్గర ఒక ఫోను. రెండింట్లోనూ స్టాక్ లెక్క ఒకటే ఉండాలి. ఆ పనికి నేను రాసిన చిన్న యాప్ ఎనిమిది నెలలుగా పౌచ్‌డీబీ, కౌచ్‌డీబీల మీదే నడుస్తోంది.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. కౌచ్‌డీబీ అనేది సర్వర్‌లో ఉండే డేటాబేస్. డామియన్ కాట్జ్ అనే ప్రోగ్రామర్ 2005లో మొదలుపెట్టారు, 2008లో అపాచీ అనే ఓపెన్‌సోర్స్ సంస్థ ప్రాజెక్ట్ అయింది. ఆయన అంతకుముందు లోటస్ నోట్స్ అనే ఆఫీసు సాఫ్ట్‌వేర్ మీద పనిచేశారు. ఒకే డేటాబేస్‌ను రెండు చోట్ల ఉంచి, వీలైనప్పుడు కలపడం అన్నది లోటస్ నోట్స్‌లో 1989 నుంచే ఉంది. పౌచ్‌డీబీ ఏమో జావాస్క్రిప్ట్‌లో రాసింది. ఫోన్‌లోని బ్రౌజర్‌లోనే డేటా దాచుకుని, కౌచ్‌డీబీ మాట్లాడే ప్రోటోకాల్‌లోనే, అంటే అదే పద్ధతిలో, మాట్లాడుతుంది.

ముందు సింక్ సంగతి, అంటే రెండు చోట్ల ఉన్న డేటాను కలపడం. సర్వర్‌లో జరిగే ప్రతి మార్పుకూ ఒక సీక్వెన్స్, అంటే వరుస గుర్తు, ఉంటుంది. ఫోన్ వెళ్లి, "పోయినసారి ఇక్కడిదాకా చూశాను, ఆ తర్వాతవి ఇవ్వు" అని అడుగుతుంది. ఎక్కడిదాకా వచ్చామో రెండు వైపులా రాసిపెట్టుకుంటారు. అందుకే మధ్యలో నెట్ పోయినా మళ్లీ మొదటి నుంచి మొదలవదు. నేను 1,200 ఎంట్రీలు సింక్‌కి పెట్టి, ఈ మెట్ల మీద పది నిమిషాలు ఎక్కుతూ దిగుతూ ఉన్నాను. తర్వాత లెక్కపెడితే 1,200 ఉన్నాయి. ఒక్కటి తప్పిపోలేదు, ఒక్కటి రెండుసార్లు పడలేదు. ఈ విషయంలో దీనికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

అసలు పరీక్ష ఇప్పుడు. రెండు ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో పెడుతున్నాను. స్టాక్ అనే ఒక డాక్యుమెంట్ (డేటాబేస్‌లో ఒక ఎంట్రీ), అందులో 40 బస్తాలు. కింది ఫోన్‌లో ఒక పీజీకి 3 బస్తాలు వేశాం, 37 అని సేవ్ చేశాను. పై ఫోన్‌లో ఒక మెస్సుకి 5 వేశాం, 35 అని సేవ్ చేశాను. ఇప్పుడు రెండింటికీ నెట్ ఇస్తున్నా. చూడండి, రెండు ఫోన్లూ 37 చూపిస్తున్నాయి. గోడౌన్‌లో ఉండాల్సింది 32.

చివరగా సేవ్ చేసింది నిలిచిందేమో అనుకుంటారు. కాదు. పైన 35 అని సేవ్ చేసిందే తర్వాత. కౌచ్‌డీబీ గడియారం చూడనే చూడదు. సేవ్ చేసిన ప్రతిసారీ డాక్యుమెంట్‌కి ఒక కొత్త రివిజన్ వస్తుంది, ఎవరి రివిజన్ చరిత్ర పొడవుగా ఉందో చూస్తుంది. సమానమైతే రివిజన్ ఐడీల్లో అక్షర క్రమంలో పెద్దదాన్ని గెలిపిస్తుంది. దానివల్ల ఏ కాపీ అయినా ఇంకో కాపీని అడగకుండానే అదే విజేతను తేల్చుకుంటుంది. ఫోన్ గడియారం ఒక రోజు ముందుకి తిరిగి ఉన్నా గొడవ లేదు. ఇది నాకు చాలా నచ్చింది. ఇంకా నచ్చింది, ఓడిన 35 పోలేదు. డాక్యుమెంట్‌ని అడిగేటప్పుడు కాన్‌ఫ్లిక్ట్స్ (ఢీకొని ఓడిన రివిజన్లు) కూడా ఇవ్వమంటే, ఇదిగో, దాని రివిజన్ ఐడీ వచ్చింది. కానీ మనం అడిగితేనే ఇస్తుంది. అడగడం మర్చిపోతే 5 బస్తాల లెక్క కళ్లముందే మాయం. కొత్తగా వాడేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

మొదటి వారం నేను ప్రతి కాన్‌ఫ్లిక్ట్‌నీ కోడ్‌లో సర్దడానికి కూర్చున్నాను. 37, 35 రెండూ తెలిసినా అసలు మొదట 40 అని తెలియకపోతే 32 ఎలా వస్తుంది? బుర్ర వేడెక్కింది. ఆ రాత్రి కొట్టు మూసేముందు బాబాయ్ చిట్టా పుస్తకం తెరిచారు. ఫలానా మెస్సు 5, ఫలానా పీజీ 3, లోడు వచ్చింది 60. ఒక్కోటీ ఒక్కో వరుస. కొట్టివేత ఎక్కడా లేదు. మొత్తం చివర్లో కూడుకుంటారు. "మిగిలింది చెరిపి రాస్తే రేపు ఎవడైనా అడిగితే ఏం చూపిస్తాంరా" అన్నారు.

మర్నాడే స్టాక్ డాక్యుమెంట్ తీసేశాను. ఇప్పుడు ప్రతి కదలికా ఒక కొత్త డాక్యుమెంట్. ఐడీలో ఫోన్ పేరు, ఆ ఫోన్ సొంత వరుస నంబరు. ఒకే డాక్యుమెంట్‌ని ఇద్దరు ముట్టుకునే అవసరమే లేదు కాబట్టి కాన్‌ఫ్లిక్ట్ రాదు. మొత్తాన్ని ఒక వ్యూ (డాక్యుమెంట్లన్నీ చూసి లెక్క తేల్చే సదుపాయం) కూడి ఇస్తుంది. మీరు ఏ సింక్ టూల్ తీసుకున్నా డేటాని ఇలా రాసుకోండి అని గట్టిగా చెప్తాను. గూగుల్ వాళ్ల డేటాబేస్ ఫైర్‌స్టోర్‌లో అయితే ఇంక్రిమెంట్ అని ఉంటుంది, "35 పెట్టు" అని కాకుండా "5 తగ్గించు" అని పంపుతుంది, ఆఫ్‌లైన్‌లోనూ పనిచేస్తుంది. మామూలుగా రాస్తే మాత్రం అక్కడ సర్వర్‌కి చివర చేరిందే నిలుస్తుంది, ముందుదాని జాడ ఉండదు. ట్రాన్సాక్షన్లు, అంటే చదివి, సరిచూసి, రాయడం ఒకే పనిగా చేసేవి, నెట్ లేకుండా నడవవు.

ఇక నేను చేసిన పెద్ద తప్పు. మూడో నెలలో కౌంటర్ ఫోన్‌లో మెమరీ నిండుతోందని పాత ఎంట్రీలు ఆ ఫోన్‌లో డిలీట్ చేశాను. ఫోన్‌లోవే కదా అనుకున్నాను. సింక్‌లో డిలీట్ కూడా ఒక మార్పే. చెరిపిన గుర్తు సర్వర్‌కి వెళ్లింది, నిమిషంలో అక్కడా రెండు నెలల లెక్క పోయింది. చేతులు చల్లబడ్డాయి. అదృష్టం కొద్దీ ఆ రోజు కుర్రాడు సెలవు, కింది ఫోన్ ఆఫ్‌లో ఉంది. పైకి తెస్తే సింక్ అయిపోతుందని, లాప్‌టాప్ తీసుకుని ఈ సెల్లార్‌లోకే దిగాను. ఇక్కడ సిగ్నల్ లేకపోవడమే ఆ రోజు నన్ను కాపాడింది. కేబుల్ పెట్టి, క్రోమ్ డీబగ్గింగ్‌లో (లాప్‌టాప్ నుంచి ఫోన్ బ్రౌజర్ లోపల చూసే సాధనం) డాక్యుమెంట్లన్నీ బయటికి తీసి, సర్వర్‌లో కొత్త రివిజన్లుగా ఎక్కించాను. అప్పటి నుంచి నెలకో డేటాబేస్. నెల పాతబడితే ఫోన్‌లో దాన్ని డెస్ట్రాయ్ చేస్తాను. డెస్ట్రాయ్ ఆ ఫోన్‌లో కాపీని మాత్రమే తీసేస్తుంది, సర్వర్‌కి పాకదు. సర్వర్‌కి రోజూ బ్యాకప్ కూడా పెట్టాను. సింక్ ఉంది కదా అని బ్యాకప్ మానేయకండి.

ఇంకో రెండు ఇబ్బందులు. కౌచ్‌డీబీలో చదివే హక్కు డేటాబేస్ మొత్తానికే, ఒక్కో డాక్యుమెంట్‌కి కాదు. ఏ పీజీ ఓనర్‌కి ఆయన లెక్క మాత్రమే చూపించాలంటే తలా ఒక డేటాబేస్ పెట్టాలి. ఐఫోన్‌లో అయితే 2020 నుంచి సఫారీ, దాన్ని వాడిన 7 రోజుల్లో ఒక్కసారైనా మీ సైట్‌ని ముట్టుకోకపోతే ఆ సైట్ దాచిన డేటా తీసేస్తుంది. అలా కాకుండా ఉండాలంటే హోమ్ స్క్రీన్‌కి యాడ్ చేయించండి.

ఉన్నవి 4 బస్తాలైతే, కింద 3, పైన 3 ఒకేసారి అమ్మేస్తే? సింక్ అయ్యాక మైనస్ 2 వస్తుంది. రెండు ఫోన్లూ ఆఫ్‌లైన్‌లో అమ్మనిస్తే దీన్ని ఏ డేటాబేసూ ఆపలేదు. మైనస్ వస్తే బాబాయ్ ఫోన్ మోగేలా పెట్టాను. ఆయనే మెస్సువాళ్లకి ఫోన్ చేసి సాయంత్రం లోడ్‌లో ఇస్తామని చెప్తారు.

బయట తిరిగే సేల్స్‌వాళ్లు, గోడౌన్లు, సర్వేలు ఉన్నవాళ్లు ధైర్యంగా వాడండి. సీట్ల బుకింగ్ లాంటి పనికి వద్దు.

ఇప్పుడే కింద 2 బస్తాలు రాశాను. కౌంటర్‌లో ఇంకా 58 ఉంది. మెట్లెక్కుతున్నా... సిగ్నల్ వచ్చింది. బాబాయ్, ఫోన్ ఒకసారి ఇటు తిప్పండి. ఇదిగో, 56.