మంచు తుపాకీ దొంగకు మనసిచ్చిన సీరీస్ | కావలి నుంచి ఒక వ్లాగ్

అందరికీ నమస్కారం. అమెరికా నుంచి సెలవులకు వచ్చినవాడు కావలిలో కూర్చుని కార్టూన్ల మీద వీడియో చేయడమేమిటని మీకు అనిపించవచ్చు. చేపల పులుసు పెడితే వ్యూస్ వస్తాయని, ఇది పెడితే రావని మా ఆవిడ ముందే తేల్చేసింది. అయినా కందుకూరులో ఇంటర్ చదువుతున్న మా అక్క కొడుకు, అన్ని సినిమాలూ సీరియళ్ళూ ఉండగా 1992లో మొదలైన బ్యాట్‌మ్యాన్ యానిమేషన్ సీరీస్‌నే ఎందుకు నెత్తిన పెట్టుకున్నావు మామా అని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నాడు గనుక, వాడికి చెప్పవలసిన జవాబు మీ అందరికీ చెబుతున్నాను.

నాకు ఆ సీరీస్ దొరికింది గ్రంథాలయంలో. నేనుండే మిచిగన్ ఊళ్ళో గ్రంథాలయం వాళ్ళు పుస్తకాలతో పాటు సినిమా డిస్కులు కూడా పైసా తీసుకోకుండా ఇంటికి ఇస్తారు. అదే కొత్త కామిక్ సంచిక ఒకటి కొనాలంటే 4.99 డాలర్లు, డాలరుకు 85 రూపాయల లెక్కన మన 424 రూపాయలు. పావుగంటలో చదవడం అయిపోతుంది. సాయంత్రం ఐదింటికే చీకటి పడే ఆ చలికాలాల్లో, పెళ్ళికి ముందు, ఇంట్లో ఒక మనిషి గొంతు వినిపిస్తే చాలని డిస్కు పెట్టుకుని వంట చేసుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఆ సంగతి మా అమ్మకు ఇప్పటిదాకా చెప్పలేదు, ఈ వీడియోలోనే తెలుస్తుంది.

అంతకుముందు బ్యాట్‌మ్యాన్ అంటే చాలామందికి 1966 నాటి టీవీ సీరియలే. ఆడమ్ వెస్ట్ నాయకుడు. దెబ్బ పడిన ప్రతిసారీ తెర మీద రంగురంగుల అక్షరాల్లో చప్పుడు రాసి చూపించేవారు. అది కావాలని చేసిన వేళాకోళం, నవ్వుకోవడానికి ఇప్పటికీ బాగానే ఉంటుంది. 1989లో టిమ్ బర్టన్ తీసిన సినిమా చీకటిని తెచ్చింది కానీ, అందులో నాయకుడి తల్లిదండ్రులను చంపినవాడు విలన్ జోకరే అని కథను ముడివేయడం వల్ల, చెప్పుకోలేని పెద్ద దుఃఖం కాస్తా పగ తీర్చుకునే మామూలు కథ అయిపోయిందని నా అభిప్రాయం.

బ్రూస్ టిమ్, ఎరిక్ రాడోమ్‌స్కీ కలిసి రూపొందించిన ఈ సీరీస్‌లో నేపథ్య చిత్రాలను తెల్ల కాగితం మీద కాక నల్ల కాగితం మీద వేశారు. నల్ల పలక మీద సుద్దముక్కతో గీసినట్టు, చీకటి ముందే ఉంటుంది, వెలుగును మాత్రమే చిత్రకారుడు చేర్చాలి. కిటికీలో దీపమో, కారు లైటో కనిపిస్తే చాలు, తక్కిన నగరమంతా మన ఊహలోనే నిండిపోతుంది.

అయితే నన్ను కట్టిపడేసింది ఆ బొమ్మలు కాదు, మిస్టర్ ఫ్రీజ్ కథ. 1966 సీరియల్‌లో ఇతడు మంచు తుపాకీ పట్టుకుని తిరిగే విచిత్రమైన దొంగ. ఆ పాత్రను ముగ్గురు వేర్వేరు నటులు వేసినా ఎవరికీ తేడా పడలేదంటే, పాత్రలో మనిషే లేడన్నమాట. పాల్ డీని రాసిన ‘హార్ట్ ఆఫ్ ఐస్’ అనే భాగంలో అతడు జబ్బు పడిన భార్యను మందు దొరికేదాకా మంచులో భద్రపరచిన శాస్త్రవేత్త. ఖర్చు దండగని కంపెనీ యజమాని ఆ ప్రయోగాన్ని ఆపించడంతో భార్యా పోయింది, మామూలు వేడిలో బతికే యోగమూ పోయింది. చివర జైలు గదిలో, గాజు గోళంలో నాట్యమాడే చిన్న బొమ్మను చేతిలో పెట్టుకుని అతడు భార్యను క్షమించమని అడుగుతాడు. పిల్లల కార్యక్రమంలో, ఇరవై రెండు నిమిషాల్లో ఇదంతా చెప్పారు. ఆ రచనకు డేటైమ్ ఎమ్మీ అనే అమెరికా టీవీ అవార్డు వచ్చింది. 1997 నాటి బ్యాట్‌మ్యాన్ సినిమా ఇదే భార్య కథను తీసుకుని కూడా మంచు జోకుల్లో ముంచేసింది.

నిన్న ఇదే భాగాన్ని ల్యాప్‌టాప్ తీగతో టీవీకి కలిపి పెడితే మా పిన్నమ్మ కూడా వచ్చి కూర్చుంది. జలుబు చేసిన బ్యాట్‌మ్యాన్ తన ఫ్లాస్కులోని వేడి చికెన్ సూప్‌తో ఫ్రీజ్ గాజు శిరస్త్రాణాన్ని పగలగొట్టే ఘట్టం రాగానే, “మిరియాల చారు పోసుంటే ఇంకా ముందే పగిలిపోయుండేది గదా అబ్బయా” అంది. ఆ తరువాత డిస్కుల పెట్టెకు నేను పెట్టిన 50 డాలర్లను రూపాయల్లోకి మార్చి, 4,250 పెట్టి బొమ్మలు కొంటారా అని కాసేపు నిలదీసింది.

గొంతుల సంగతి నెల్లూరు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. 2008లో ‘దశావతారం’ తెలుగులోకి వచ్చినప్పుడు కమల్‌హాసన్ వేసిన పాత్రలకు మన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఎన్ని గొంతులు మార్చారో విన్నవాళ్ళం మనం. ఇక్కడ బ్యాట్‌మ్యాన్‌కు గొంతిచ్చిన కెవిన్ కాన్రాయ్ చేసింది అదే కోవకు చెందిన పని. ధనికుడు బ్రూస్ వేన్‌కు తేలికైన గొంతు, ముసుగు వేసుకున్నాక లోతైన గొంతు. ముసుగు తీసి ఇంటి నౌకరు ఆల్‌ఫ్రెడ్‌తో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ లోతైన గొంతే కొంచెం మెత్తబడుతుంది. ఇద్దరిలో అసలు మనిషి ఎవరో ఒక్క సంభాషణ కూడా రాయకుండా తెలిసిపోతుంది. నటులను వీలైనంతవరకు ఒకే గదిలో కూర్చోబెట్టి రికార్డు చేయడం వల్ల, జోకర్‌కు గొంతిచ్చిన మార్క్ హామిల్ నవ్వుకు ఎదుటివాడి మౌనం కూడా సరిగ్గా కుదిరింది.

అన్ని భాగాలూ ఇంత బాగుంటాయని మాత్రం చెప్పను. బొమ్మల పని జపాన్, కొరియాల్లోని వేర్వేరు స్టూడియోలకు పంచడంతో కొన్ని చోట్ల ముఖాలు పీక్కుపోయినట్టుంటాయి, కథలు కూడా కొన్ని చప్పగానే ఉంటాయి. అక్క కొడుకు ఆదివారం ఇక్కడికి వస్తున్నాడు గనుక, వాడికి ముందుగా ‘టూ-ఫేస్’ రెండు భాగాలూ చూపించబోతున్నాను. టూ-ఫేస్ అనే విలన్ కాకముందే హార్వీ డెంట్‌ను బ్రూస్‌కు స్నేహితుడిగా మనకు పరిచయం చేసి ఉంచారు గనుక, అతడి ముఖం కాలినప్పుడు మనకూ బాధ కలుగుతుంది. పిన్నమ్మ మాత్రం భోజనాలయ్యాకే టీవీ అని షరతు పెట్టింది.